బోర్డుతో పాటు రాని హెల్మెట్

మా అక్కవాళ్ల అపార్ట్‌మెంట్‌లో సెల్లార్‌లోకి దిగడానికి చిన్న ర్యాంప్ ఉంది. మధ్యాహ్నం పూట కార్లన్నీ ఆఫీసులకు వెళ్లిపోయాక సెల్లార్ ఖాళీగా ఉంటుంది. సెలవుల్లో పిల్లలంతా అక్కడే చేరతారు. నా మేనల్లుడికి పదకొండేళ్లు. పుట్టినరోజుకు వచ్చిన స్కేట్‌బోర్డు మీద నిలబడడం వాడు అక్కడే నేర్చుకున్నాడు. పడింది మాత్రం ర్యాంప్ మీద కాదు, కింద చదునుగా ఉన్న చోట, అదీ వేగం తగ్గి ఇక ఆగబోతుండగా. పెసరగింజంత కంకర ముక్క ముందు చక్రానికి అడ్డం పడింది. బోర్డు టక్కున ఆగిపోయింది, వాడు ముందుకు తూలాడు. కుడి చెయ్యి నేలకు ఆనించాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టుతో తిరిగాడు. తల నేలకు తగల్లేదు. అందులో వాడి తెలివీ లేదు, మా జాగ్రత్తా లేదు.

కట్టు వేయించుకుని ఇంటికొచ్చాక వాడు అన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. "నేను మెల్లగానే వెళ్తున్నాను మావయ్యా!" నిజమే చెప్పాడు. మెల్లగా వెళ్తే ఏమీ కాదని వాడే కాదు, మా ఇంట్లో పెద్దవాళ్లమంతా కూడా అనుకున్నాం. అందుకే హెల్మెట్ గురించి ఎవరికీ తట్టలేదు.

తల పగలడానికి బోర్డు వేగంగా వెళ్లనక్కర్లేదు. పిల్లాడి ఎత్తు, బోర్డు ఎత్తు కలిపితే తల నేల నుంచి సుమారు మీటరున్నర పైన ఉంటుంది. అంత ఎత్తు నుంచి ఏ వస్తువు వదిలినా నేలను తాకేసరికి దాని వేగం గంటకు 19 కిలోమీటర్లు దాటుతుంది. అంటే బోర్డు కదలకుండా ఉన్నా, కాళ్లు జారి వెల్లకిలా పడితే, తల దాదాపు అదే వేగంతో సిమెంటును గుద్దుకుంటుంది. స్కేట్‌బోర్డు మీద ఇలా వెనక్కి పడడం మామూలే. కాళ్ల కింద నుంచి బోర్డు ముందుకు దూసుకుపోతుంది, మనిషి వెనక్కి వాలిపోతాడు, చేతులు వెనక్కి పెట్టుకునేలోపే తల వెనక భాగం నేలకు తగులుతుంది. స్కేటింగ్ హెల్మెట్లు గుండ్రంగా, తల వెనక కిందివరకూ దిగి ఉండేది ఇందుకే.

హెల్మెట్ లోపల ఉండేది పెద్ద యంత్రమేమీ కాదు. సైకిల్ హెల్మెట్ లోపలి గట్టి నురగ మనందరికీ తెలిసిన థర్మోకోల్ జాతిదే. దెబ్బ తగిలినప్పుడు అది నలిగిపోతుంది. తల ఒక్కసారిగా ఆగకుండా ఆ నలిగే కాస్త దూరం ప్రయాణించి ఆగుతుంది. ఆగే దూరం పది రెట్లు పెరిగితే తలకు తగిలే అదురు పదో వంతుకు పడిపోతుంది. ఎముక సిమెంటుకు నేరుగా తగిలితే ఆ దూరం ఉండదు. రెండు మూడు సెంటీమీటర్ల నురగ చేసే పనంతా ఇదే.

ఇది తెలిసినా పిల్లలు ఎందుకు పెట్టుకోరు? "నిర్లక్ష్యం" అని ఒక్క మాటతో తేల్చేయడం నాకు నచ్చదు. మన ఊళ్లలో పార్కుల దగ్గర సాయంత్రాలు నడిచే రోలర్ స్కేటింగ్ క్లాసులు చూడండి. ఆరేళ్ల పిల్లలు కూడా హెల్మెట్, మోకాళ్లకు, మోచేతులకు ప్యాడ్లు కట్టుకుని వరసలో నిలబడతారు. ఒక్కరూ మారాం చెయ్యరు. అదే పిల్లాడు ఇంటికొచ్చి స్కేట్‌బోర్డు ఎక్కితే ఒంటి మీద టీషర్టు తప్ప ఏమీ ఉండదు. రెండు చోట్లా పిల్లాడు వాడే, కింద నేల కూడా అంతే గట్టిది. తేడా ఎక్కడంటే, రోలర్ స్కేటింగ్ మన దగ్గరికి కోచ్‌తో వచ్చింది. కిట్ లేకపోతే కోచ్ రింక్‌లోకి రానివ్వడు. స్కేట్‌బోర్డు ఫోన్‌లో వీడియోలతో వచ్చింది. నేర్పేవాడు ఏం వేసుకుంటే నేర్చుకునేవాడూ అదే వేసుకుంటాడు. వీడియోల్లో మెట్ల మీద నుంచి దూకే కుర్రాళ్ల తల మీద ఉండేది టోపీ.

ఆ టోపీ వెనక చరిత్ర ఉంది. 1970ల మధ్యలో కాలిఫోర్నియాలో కరవు వచ్చి ఇళ్లలోని ఈతకొలనులు ఎండిపోయాయి. కుర్రాళ్లు ఆ ఖాళీ కొలనుల్లో స్కేటింగ్ మొదలుపెట్టారు. ఆ తర్వాత కాంక్రీటు పార్కులు వచ్చాయి, హెల్మెట్లు, ప్యాడ్లు వచ్చాయి. దశాబ్దం చివరికల్లా బీమా ఖర్చులు, కేసుల భయంతో వాటిలో చాలా పార్కులు మూతపడ్డాయి. ఆట మానని వాళ్లలో చాలామంది వీధుల్లోకి వచ్చారు. మెట్లు, రెయిలింగులు, ఫుట్‌పాత్‌ల అంచులే వాళ్ల పార్కు అయ్యాయి. అక్కడ అడిగేవాడు లేడు, గేటు దగ్గర ఆపేవాడు లేడు. వీధి స్కేటింగ్ పెరిగి పెద్దదై బూట్లు, బట్టల వ్యాపారమైంది. హెల్మెట్ లేని ఆ రూపమే ప్రపంచమంతా తిరిగింది. ఎత్తయిన ర్యాంపుల మీద ఆడేవాళ్లు మాత్రం పాత పద్ధతి వదల్లేదు. 1999లో ఎక్స్ గేమ్స్ అనే సాహస క్రీడల పోటీల్లో పేరుమోసిన అమెరికా స్కేట్‌బోర్డు ఆటగాడు టోనీ హాక్ గాలిలో రెండున్నర చుట్లు తిరిగి దిగినప్పుడు తల మీద హెల్మెట్, మోకాళ్లకు ప్యాడ్లు ఉన్నాయి. యాభై దాటాక 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున ఆడిన ఆండీ మెక్‌డొనాల్డ్ కూడా హెల్మెట్‌తోనే దిగాడు. ఒకే ఆటలో ఒక గుంపు పెట్టుకుంటుంది, ఇంకో గుంపు పెట్టుకోదు. వీధిలో సిమెంటు మెత్తగా ఉంటుందని కాదు, ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నదే ఈ తేడాకు కారణం అని నా నమ్మకం.

అలవాటును మార్చవచ్చని ఒలింపిక్సే చూపించింది. టోక్యోలో వీధి స్కేటింగ్ పతకాలు గెలిచిన పదమూడేళ్ల మొమిజి నిషియా, రైసా లియల్ హెల్మెట్ లేకుండానే ఆడారు. పారిస్‌కు వచ్చేసరికి పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు వీధి విభాగంలోనూ హెల్మెట్ తప్పనిసరి అయింది. పదహారేళ్ల లియల్ హెల్మెట్ పెట్టుకునే ఆడి కాంస్యం గెలిచింది. ఆమె ఆట ఏమీ చిన్నబోలేదు. నియమాల పుస్తకం కన్నా ఆ దృశ్యమే మన పిల్లల మీద ఎక్కువ పని చేస్తుంది. ఫోన్‌లో చూపించాల్సిన వీడియోలు అవి.

ఇంకో వీడియో కూడా చూపించాలి. అది చూడడం కష్టం. 2020 మేలో కాలిఫోర్నియాలో ప్రాక్టీసు చేస్తూ బ్రిటన్ అమ్మాయి స్కై బ్రౌన్ ర్యాంప్ మీద నుంచి పడింది. అప్పటికి ఆమెకు పదకొండేళ్లు, సరిగ్గా నా మేనల్లుడి వయసు. పుర్రె చిట్లింది, ఎడమ చెయ్యి, మణికట్టు విరిగాయి, హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లారు. హెల్మెట్ ఉండి కూడా అంత దెబ్బ తగిలింది. మరుసటి ఏడాది ఆగస్టులో టోక్యోలో కాంస్య పతకం తీసుకుంది. హెల్మెట్ ఉన్నా పుర్రె చిట్లింది కదా, ఇంకేం లాభం అని ఎవరైనా అడిగితే, లేకపోతే ఏమయ్యేదో ఊహించమంటాను.

హెల్మెట్ అన్నిటినీ ఆపుతుందని నేను చెప్పను. మెదడు లోపల కుదుపు వల్ల వచ్చే దెబ్బలను అది పూర్తిగా ఆపలేదు. పుర్రె పగలడాన్ని, ప్రాణం మీదికి తెచ్చే గాయాలను బాగా తగ్గిస్తుంది. పడిన తర్వాత పిల్లాడికి తలనొప్పి, వాంతులు, మగత లాంటివి కనిపిస్తే హెల్మెట్ ఉందిలే అని ఊరుకోకూడదు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

పిల్లలు ఎక్కువగా విరగ్గొట్టుకునేది చేతులనే. పడబోతున్నప్పుడు చెయ్యి చాచడం శరీరం తనంతట తాను చేసే పని, వద్దన్నా ఆగదు. అందుకే తల తర్వాత నేను మణికట్టు గార్డులకే ఓటేస్తాను. అరచేతి కింద ఉండే ప్లాస్టిక్ పట్టీ నేలను తాకి జారుతుంది, ఎముక మీద పడాల్సిన బరువు పక్కకు పోతుంది. మోకాలి ప్యాడ్ల సంగతి ఇంకా బాగుంటుంది. గట్టి ప్లాస్టిక్ చిప్ప ఉన్న ప్యాడ్లతో ర్యాంప్ మీద పడబోతే మోకాళ్ల మీదికి వంగి కిందికి జారిపోవచ్చు. ర్యాంప్ మీద మొదట నేర్పేది ఈ జారడమే. పడడం తెలిసిన పిల్లాడు ఒకే ఫీటును భయం లేకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాడు. ప్యాడ్లు లేనివాడు రెండు సార్లు మోకాలు చెక్కుకుపోయాక ఆపేస్తాడు. ప్యాడ్లను పిరికితనం అనుకునే కుర్రాళ్లకు నేను చెప్పేది ఇదే.

మన దగ్గర హెల్మెట్ అనగానే ట్రాఫిక్ పోలీసు గుర్తుకొస్తాడు. బండి అద్దానికి తగిలించి, చౌరస్తా దగ్గర తలకెక్కించుకోవడం రోజూ చూస్తున్నదే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో హెల్మెట్ పెట్టుకోకుండా ప్రమాదాల్లో దేశంలో చనిపోయినవాళ్లు, బండి నడిపినవాళ్లు, వెనక కూర్చున్నవాళ్లు కలిపి, 50 వేల పైచిలుకు. ఇంట్లో నాన్న హెల్మెట్ పెట్రోల్ ట్యాంకు మీద ఉంటే, కొడుకు సెల్లార్‌లో తల మీద పెట్టుకుంటాడా? కాలిఫోర్నియాలో పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు రోడ్డు మీద హెల్మెట్ లేకుండా స్కేట్‌బోర్డు ఎక్కకూడదని చట్టం ఉంది. మన తెలుగువాళ్లు ఎందరో ఉంటున్న శాన్‌హోసేలో లేక్ కన్నింగ్‌హామ్ అనే పెద్ద స్కేట్‌పార్కులో హెల్మెట్, మోకాలి, మోచేతి ప్యాడ్లు లేనిదే ఆడనివ్వరు. అక్కడ గేటు ఉంది. మన అపార్ట్‌మెంట్లలో ఆ గేటు పని చేయాల్సింది అమ్మానాన్నలు, అసోసియేషన్‌వాళ్లు. సెల్లార్‌లో బోర్డులు నిషేధం అని కాగితం అతికించడం తేలిక. అలా చేస్తే పిల్లలు రోడ్డెక్కుతారు. ఖాళీగా ఉండే వేళల్లో కిట్‌తో ఆడుకోవచ్చని చెప్పి, ర్యాంప్ కింద కంకర ఊడిపించడం వంద రెట్లు మేలు.

కొనేటప్పుడు నాన్నగారి బండి హెల్మెట్ సర్దకండి. ఐఎస్ఐ ముద్ర ఉన్నా అది బండి కోసం చేసింది, పిల్లాడి మెడకు బరువు. స్కేటింగ్ హెల్మెట్ లోపలి స్టిక్కర్ మీద యూరప్ భద్రతా ప్రమాణం ఈఎన్ 1078 అనో, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్1492 అనో ఉండాలి. బొమ్మల దుకాణంలో అందమైన రంగుల్లో దొరికే వాటిలో చాలావాటికి ఏ స్టిక్కరూ ఉండదు. కనుబొమలకు పైన రెండు వేళ్ల దూరంలో అంచు రావాలి, గడ్డం కింద పట్టీలో ఒక్క వేలు దూరాలి, తల ఊపితే హెల్మెట్ విడిగా కదలకూడదు. ఇక అయిదేళ్ల లోపు పిల్లలకు అసలు బోర్డే ఇవ్వొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. పదేళ్ల వరకూ పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే.

మా వాడు కట్టు విప్పాక మళ్లీ బోర్డు ఎక్కాడు, ఈసారి పూర్తి కిట్‌తో. మొదటి వారం ఫ్రెండ్స్ నవ్వారట. తర్వాత ఇద్దరు వాడి ప్యాడ్లు అడిగి కట్టుకుని ఆడారు. దసరా సెలవుల్లో మళ్లీ పడ్డాడు, వెల్లకిలా. హెల్మెట్ పైన చిన్న గీత తప్ప ఏమీ లేదు, ఇంకా వాడొచ్చు అన్నాడు. లోపలి మెత్త తీసి చూపించాను. తెల్లటి నురగలో వెనక వైపు బొటనవేలంత పొడవున చీలిక. అలాంటి గట్టి నురగ ఒక్క పెద్ద దెబ్బకే, ఆ తర్వాత దానితో పని లేదు. వాడు ఆ చీలిక మీద వేలు పెట్టి కాసేపు మాట్లాడలేదు. తర్వాత కత్తెర తెచ్చి, ఇంకెవరూ తీసుకుని పెట్టుకోకుండా, పట్టీలు వాడే కత్తిరించి చెత్తబుట్టలో వేశాడు.