పర్యావరణానికి పేదల బెడద

బస్తీల్లో సామాజిక కార్యకర్తగా తిరిగి తిరిగి చివరికి నేను తేల్చుకున్నదేమిటంటే, హైదరాబాద్ పర్యావరణానికి అసలు ముప్పు పేదవాళ్లే. నాలా పక్కన వాళ్లే ఉంటారు, డంపింగ్ యార్డు పక్కన వాళ్లే ఉంటారు. కంపు ఎక్కడుంటే అక్కడ వీళ్లే కనిపిస్తుంటే అనుమానించాలా వద్దా?

జవహర్‌నగర్ చెత్తగుట్టకు బంజారాహిల్స్ చెత్త కూడా చేరుతుంది. కానీ ఆ గుట్ట ఎలా ఉంటుందో బంజారాహిల్స్ వాళ్లకు తెలియదు. ఎంత శుభ్రమైన మనుషులో! గుట్ట మీద ప్లాస్టిక్ ఏరేవాళ్ల చేతులే మాసి ఉంటాయి. రీసైక్లింగ్ మీద ఏసీ హాల్లో సదస్సులు పెట్టినప్పుడు వాళ్లను పిలవనిది అందుకే అయి ఉండాలి.

2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్ట్రాలు నిషేధం. చిప్స్ ప్యాకెట్లు, వాటర్ బాటిళ్లు ఆ జాబితాలో లేవు. కంపెనీ పేరున్న ప్లాస్టిక్ భూమాతకు అరుగుతుంది కాబోలు. మిర్చి బజ్జీల బండి దగ్గరిదే అరగదు.

ఇక మూసీ. 1908 వరద ఊరిని ముంచాక, మళ్లీ ఆ గతి పట్టకూడదని 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. వాటికి 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో ఇష్టారాజ్యంగా కట్టకూడదని 1996లో జీవో 111 తెచ్చారు. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు. తాగడానికి నగరం ఇప్పుడు ఆ నీళ్ల మీద పెద్దగా ఆధారపడటం లేదన్నారు. ఈ సంగతి వరదకు ఎవరూ చెప్పినట్టు లేదు, 2025 సెప్టెంబర్‌లో ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చేసింది.

ఎగువన ఆంక్షలు పోయిన రెండేళ్లకు దిగువన నది మీద ప్రేమ పొంగింది. 2024 సెప్టెంబర్‌లో చాదర్‌ఘాట్ వైపు ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. అది నదీగర్భమట, ఇళ్లు కూల్చడానికి గుర్తు. ఇళ్లలో పనిచేసుకునే ఒకామె నన్ను అడిగింది:

"సార్, ఈ నీళ్లు యాడికెళ్లి ఒస్తయి?"

"గండిపేట దిక్కు నుంచమ్మా."

"మరి ఆడ ఎవలి గోడలకు రంగు ఏసిండ్రు?"

పర్యావరణ విధానం తెలియనివాళ్లతో ఇదే ఇబ్బంది. పెద్దలనూ వదల్లేదని ఓపిగ్గా చెప్పాను. 2024 ఆగస్టులో మాదాపూర్‌లో పెద్ద కన్వెన్షన్ సెంటర్‌నే కూల్చారు. హైకోర్టు స్టే కూడా ఆ రోజే వచ్చిందనుకోండి. కూలి పోగొట్టుకోకుండా కోర్టు మెట్లెక్కే విద్య బస్తీవాళ్లు నేర్చుకోకపోతే న్యాయస్థానం మాత్రం ఏం చేస్తుంది?

ఆమె అంతటితో ఆగలేదు. కూల్చే ఇంటికి బదులు డబుల్ బెడ్రూం ఇల్లు ఇస్తారు సరే, అక్కడి నుంచి పొద్దున్నే మలక్‌పేటలో పనికి రావాలంటే ఎట్లా అంది. రెండు బస్సులు మారాలి, వాటి పొగ గాలికి మంచిది కాదు. అందుకే ఎలక్ట్రిక్ కారు కొనుక్కోమన్నాను. మన రాష్ట్రంలో 2024 నవంబర్ నుంచి వాటికి రోడ్డు ట్యాక్స్ పూర్తిగా మాఫీ. ఎంత ఖరీదైన కారు కొంటే అంత ఎక్కువ మిగులుతుందని లెక్క వేసి కూడా చూపించాను.