నానో వెండి గారికి నెల్లూరు నుంచి ఒక అర్జీ

శ్రీయుత నానో వెండి రేణువు గారికి,

ట్రంకు రోడ్డులో మా తమ్ముడు కొనుక్కొచ్చిన సాక్సుల ప్యాకెట్టు మీద తమరి పేరు చూశాను. చెమట వాసన రాదట. ధర వేశారు, ఎలా ఉతకాలో రాశారు. తమరి సైజెంతో, లోపల ఎంతమంది ఉన్నారో మాత్రం ఎక్కడా లేదు.

వెండి అంటే మాకు అనుమానం లేదు సామీ. మగపిల్లాడికి వెండి మొలతాడు కట్టి పెంచిన వాళ్లం. కాకపోతే అది ఒంటి బయటే ఉండేది. తమరు వంద నానోమీటర్ల లోపు వారు, అంటే కంటికి ఆననంత చిన్నవారు, ఎక్కడికైనా దూరగలరు. రక్తంలోంచి ఏది పడితే అది వీర్యకణాలు తయారయ్యే చోటికి రాకుండా వృషణాల్లో సెర్టోలి కణాలు అడ్డుగా నిలబడతాయి. అయినా తమరిని ఎలుకలకు పట్టించి చూస్తే వృషణాల్లో తేలారట. వీర్యకణాల సంఖ్యా తగ్గిందట, కదలికా మందగించిందట.

న్యాయంగా చెప్పాలంటే అవి పెద్ద మోతాదులు. గాయం లేని చర్మం తమరిని పెద్దగా లోపలికి రానివ్వదు కాబట్టి సాక్సులేసుకున్నంత మాత్రాన కొంప మునగదు. తమరిని పొడిగా తయారు చేసేచోట పీల్చే కూలీల సంగతి వేరు. మనుషుల మీద జరిగిన పరిశోధనలు చాలా తక్కువ. తమరి చుట్టం, తిండికి తెల్లరంగు తెచ్చే టైటానియం డయాక్సైడ్ పొడిని యూరప్ వాళ్లు 2022లో తిండి పదార్థాల్లోంచి గెంటేశారు. హాని రుజువై కాదు, డీఎన్‌ఏకు హాని లేదని తేల్చలేక.

ఇక్కడ మాత్రం తమరికి టెన్షన్ అక్కర్లేదు. మగాడినే అనుమానించని ఊళ్లో మగాడి సాక్సులను ఎవరు అనుమానిస్తారు? మావాళ్లకు పిల్లలు కలగలేదని స్కాన్లు మా మరదలికి, సూదులు మా మరదలికి, శనివారం ఉపవాసాలూ ఆమెకే. మొహర్రానికి మా ఊరి రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి సంతాన రొట్టె అందుకుందీ ఆమే. మావాడు గట్టున బైకు మీద కూర్చుని రీల్స్ చూశాడు. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కూడా కారణం ఉంటుందని డాక్టరమ్మ అంటే, "మావాడికేం, దుక్కలా ఉన్నాడు" అని మా అమ్మ ఆస్పత్రే మార్చేసింది.

అందుకే ఈ అర్జీ. ప్యాకెట్టు మీద సైజు, మోతాదు వేయించుకోండి. వీలైతే మావాడి చెవిలో దూరి చెప్పండి: వీర్య పరీక్షకు కోతా లేదు, సూదీ లేదు. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది కనుక సిగరెట్టు ఇవాళ మానినా ఫలితానికి మూడు నెలలు ఆగాలి. మేం చెప్పబోతే చార్జింగ్ అయిపోయిందని లేచిపోతున్నాడు.

ఇట్లు,
ఆ అబ్బాయి అక్క