సవరణ: పిల్లాడికి బండి ఇస్తే 5,000తో పోదు

మైనర్లు బండి నడపడం గురించి క్రితంసారి రాస్తూ, పట్టుబడితే లైసెన్సు లేనందుకు 5,000 రూపాయలు కడితే సరిపోతుందన్నాను. అది తప్పు. చదివి ధీమాగా తాళాలు ఇచ్చిన వాళ్లు ఉంటే క్షమించండి, వెంటనే వెనక్కి తీసుకోండి.

ఆ 5,000 మోటారు వాహనాల చట్టం 181వ సెక్షన్ కిందిది. నేను వదిలేసింది 199ఎ. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నేరం తల్లిదండ్రులది, లేదా బండి యజమానిది: మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లెర్నర్ లైసెన్సు కూడా రాదు. కాలేజీ అయిపోయి ఉద్యోగంలో చేరినా బండి ఎక్కలేడు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

తనకు తెలియకుండా తీశాడనో, ఆపడానికి తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననో నిరూపించుకోవాల్సింది పెద్దవాళ్లే.

రాష్ట్రాలు చలానా మొత్తం తగ్గించుకోవచ్చని కూడా రాశాను. 200వ సెక్షన్ ఆ వీలు ఇస్తుంది కానీ, అందులోని జాబితాలో 199ఎ లేదు. కాబట్టి ఇది రోడ్డు మీద చలానా కట్టి ముగించుకునే కేసు కాదు, కోర్టుకు వెళ్లాల్సిందే.

ఇంకొకటి. పదహారేళ్లకే లైసెన్సు వస్తుందన్నది 50 సీసీ మించని బండికే. మన ఇళ్లలో ఉండే 110, 125 సీసీ స్కూటర్లకు 18 నిండాలి.