ప్రసాదం తింటే పట్టుబడ్డట్టేనా?

మొన్న పిన్ని వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. దొప్పలో ప్రసాదం పెడుతూ, "దేవుడే లేడంటావుగా, ఇదెలా దిగుతుందిరా గొంతులో?" అంది. పిన్నీ, అది గోధుమనూక, నెయ్యి, పంచదార. నా పేచీ దేవుడితో, జీడిపప్పుతో కాదు!

బాబాయి ఇంకో మెట్టెక్కాడు. "దేవుడంటే భయం లేనివాళ్లు దేనికైనా తెగిస్తారు." పొద్దున్నుంచి కుర్చీలు మోసి, గుమ్మానికి మామిడాకులు కట్టింది ఎవరు బాబాయ్? 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా అంటరానితనం మీద పోరాడాడు. రోజూ ప్రార్థన చేసే గాంధీగారే ఆయన్ని సేవాగ్రామ్‌లో కూర్చోబెట్టుకుని మాట్లాడారు. మా బాబాయికి మాత్రం కుదరదట.

పోనీ మా నాస్తికులేమైనా తక్కువ తిన్నారా? వ్రతం ఫొటోలో నన్ను చూసి ఒక మిత్రుడు "నువ్వూ జారిపోయావా?" అని మెసేజ్. అంతకుముందోసారి అమ్మ నుదుటి విభూతి చూసి "మూఢనమ్మకాలు" అని గొణిగాడు. ఆవిడ ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన టీచరు. జ్వరమొస్తే ముందు మాత్ర మింగిస్తుంది, దిష్టి తీసేది ఆ తర్వాతే.

ఆ మిరపకాయల ఘాటుకి ఇల్లంతా దగ్గేది మాత్రం ఆస్తికులూ నాస్తికులూ కలిసే.