వీలునామాలో ఖాళీ, చర్చి రిజిస్టరులో పేరు

ఇంగ్లండ్‌లో పూర్వీకుల ఆచూకీ వెతికేవారు పాత చర్చి రిజిస్టర్లను, వీలునామాలను ఇప్పుడు ఇంట్లో కూర్చునే చూడగలుగుతున్నారు. చిక్కంతా అక్కడే వచ్చిపడింది. పేరు, ఊరు కుదిరి, ఏడాది కాస్త అటూ ఇటూగా సరిపోతే చాలు, ఎవరో ఒక జాన్‌నో విలియంనో ముత్తాతల వరుసలో చేర్చేసుకుంటున్నారు. ఒకే పత్రం చూసి తేల్చుకున్న బంధుత్వం ఊహ మాత్రమే; వేర్వేరు అవసరాల కోసం పుట్టిన రెండు పత్రాలు ఒకదాన్నొకటి బలపరిచినప్పుడే దాన్ని నమ్మాలి.

బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు ప్రతి పారిష్‌లోనూ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) నమోదు చేయాలని ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో ఆదేశించాడు. ఆ శతాబ్దం చివర్లో ఈ నమోదులను, కనీసం 1558 నుంచి ఉన్నవాటిని, తోలు పత్రాలపైకి ఎక్కించమన్నారు. 1564 ఏప్రిల్ 26న షేక్స్‌పియర్‌కు బాప్తిస్మం జరిగినట్టు చూపే, అతని సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్ రిజిస్టరు పుట కూడా అలాంటి నకలే.

ఆ కుటుంబాన్నే పరిశీలిద్దాం. 1616 మార్చి 25 నాటి వీలునామాలో షేక్స్‌పియర్ తన చెల్లెలు జోన్ హార్ట్‌కు 20 పౌన్లు, తన బట్టలు, ఏడాదికి 12 పెన్నీల నామమాత్రపు అద్దెతో బతికినంత కాలం ఉండేందుకు ఒక ఇల్లు ఇచ్చాడు. ఆమె ముగ్గురు కొడుకులకు తలా 5 పౌన్లు రాశాడు. విలియం, మైకేల్ పేర్లున్నాయి. నడిమివాడి పేరు రావలసిన చోట ఖాళీ ఉంది. మంచం పట్టిన మేనమామకు గుర్తు రాలేదో, తర్వాత నింపుదామని గుమస్తా అనుకున్నాడో గానీ, అది అలాగే ఉండిపోయింది. అతని పేరు థామస్ అని చెప్పేది 1605 నాటి బాప్తిస్మం నమోదు. అదే వీలునామా మనవరాలు ఎలిజబెత్ హాల్‌ను ‘నీస్’ (నేటి ఇంగ్లిషులో తోబుట్టువుల కూతురు) అంటుంది. ఆ కాలంలో ఆ మాట మనవరాలికీ చెల్లేది కనుక, ఆమె బాప్తిస్మం నమోదైన 1608 నాటి రిజిస్టరును పక్కన పెట్టుకోకుండా చదివినవారు ఒక తరాన్నే తప్పిస్తారు. 1596లో పదకొండేళ్లకే పోయిన కొడుకు హామ్నెట్ ఊసు వీలునామాలో ఎక్కడా లేదు. బతికున్నవారికి పంచే పత్రంలో అతనికి చోటెందుకుంటుంది?

భార్య విషయంలో మాత్రం రెండూ చేతులెత్తేస్తాయి. పిల్లల బాప్తిస్మం నమోదుల్లో తండ్రి పేరే ఉంది. వీలునామా ఇంట్లోని మంచాల్లో మేలైనవాటిలో రెండోదాన్ని ‘నా భార్యకు’ ఇచ్చిందే తప్ప ఆన్ అన్న పేరెత్తలేదు. ఆమె పుట్టింటి పేరు హాథవే అని పట్టిచ్చింది 1582 నవంబరు 28 నాటి పెళ్లి బాండు (పెళ్లికి అడ్డంకి లేదని రాసిచ్చే పూచీ పత్రం). దానికి ముందు రోజు వూస్టర్ బిషప్ రిజిస్టరులో వధువు టెంపుల్ గ్రాఫ్టన్ అనే ఊరికి చెందిన ఆన్ వేట్లీ అని రాసి ఉంది. గుమస్తా పొరపాటుగానే తోచే ఆ ఒక్క పంక్తి నుంచి కొందరు రచయితలు షేక్స్‌పియర్‌కు మరో ప్రియురాలిని పుట్టించారు.

వీలునామాలకు సొంత పరిమితులున్నాయి. కూలీనాలీ జనం వాటి జోలికి పోయింది తక్కువ. 1882 చట్టానికి ముందు పెళ్లయిన స్త్రీ భర్త సమ్మతి లేకుండా సాధారణంగా వీలునామా రాయలేకపోయేది. అందుకే ఆడవారి జాడ కోసం వారి తండ్రులవి, అన్నదమ్ములవి, మరీ ముఖ్యంగా పిల్లల్లేని వితంతువులవి, పెళ్లికాని మేనత్తలవి చదవాలి. సొంత సంతానం లేనివారు చెంచాలను, దుప్పట్లను మేనకోడళ్లకు పంచుతూ ఒక్కొక్కరి పేరూ, వారు ఎవరి భార్యలో కూడా రాయించేవారు. ఆ భర్త పేరు పట్టుకుని పెళ్లి రిజిస్టరు వెతకవచ్చు.