బాలింత బట్టలకు పాత ఆది పనికిరాదు

బారసాలకు వారం ముందు చాలా ఇళ్లలో జరిగేదే ఇది. పుట్టింటివాళ్లు పట్టుచీర తెస్తారు. జాకెట్టు ముక్కతో పాటు పెళ్లినాటి ఆది జాకెట్టు, అంటే కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టు, ఒకటి సంచిలో పెట్టి దర్జీకి పంపుతారు. పచ్చి బాలింత గడప దాటకూడదు కాబట్టి కొలతలివ్వడానికి ఆమె వెళ్లదు. ఇరవయ్యో రోజు రాత్రి జాకెట్టు వస్తుంది. చేతులు జబ్బ దగ్గరే ఇరుక్కుంటాయి, ముందు హుక్కులకూ కాజాలకూ మధ్య రెండంగుళాల ఎడం. ఇక దిక్కు పిన్నీసులే. మర్నాడంతా ఆ పిన్నీసులు పాలు తాగే బిడ్డ బుగ్గకు అంగుళం దూరంలో ఉంటాయి.

దర్జీని తిట్టి లాభం లేదు, ఇచ్చిన ఆదికి తగ్గట్టే కుట్టాడు. తప్పంతా మన ఖర్చు లెక్కలో ఉంది. కాన్పు బట్టలంటే మన ఇళ్లలో సీమంతం చీర, బారసాల చీర, అన్నప్రాశన చీర. రోజూ ఒంటిమీద ఉండే బట్టల సంగతికొస్తే, "ఇంట్లోనే కదా, పాత నైటీలు చాల్లే" అంటారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌లోనూ తల్లికని పెట్టిన బట్ట చీరే. తల్లికి పెట్టే బట్ట అనగానే మనకు తోచేది అదే మరి.

ఒకసారి గంటల లెక్కన చూడండి. నాలుగు వందల రూపాయల ఫీడింగ్ బ్రాలు మూడు కొంటే 1,200. అవి మార్చి మార్చి రోజుకు 20 గంటల చొప్పున ఆరు నెలలు వేసుకుంటే 3,600 గంటలు. గంటకు 33 పైసలు. బారసాల జాకెట్టుకు మగ్గం వర్క్ చేయించి మూడు వేలు పెడితే అది ఒంటిమీద ఉండేది నాలుగు గంటలు. గంటకు 750 రూపాయలు. వేడుకకు ఖర్చు పెట్టవద్దని ఎవరూ అనరు. కానీ డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ముందు కొనాల్సింది ఏదో ఈ లెక్క చెబుతుంది.

రెండో పొరపాటు కొనే వేళ. కాన్పయ్యాక ఒళ్లు ఒక్క కొలత మీద నిలవదు. గర్భసంచి మామూలు స్థితికి రావడానికి ఆరు వారాలు పడుతుంది, పొట్ట తగ్గడానికి ఇంకా ఎక్కువ. మూడో రోజుకో నాలుగో రోజుకో పాలు పడగానే ఛాతీ బిగుస్తుంది. బిడ్డ తాగే పద్ధతి కుదిరి అది కాస్త సర్దుకునేసరికి ఆరు వారాలు. పాలు పట్టేముందు తీసిన కొలత, పట్టాక తీసిన కొలత ఒకటి కావు. ఈ ఆరు వారాల్లో ఆరు కుర్తీలు కొన్నారంటే మూడు నెలలకు మళ్లీ కొనాల్సిందే. అందుకే మొదట లోదుస్తులు, నైటీలు మాత్రం కొనాలి. మిగతావన్నీ ఉన్నవాటినే విప్పించి వదులు చేయించుకోవాలి. కొత్త కుర్తీల మాట ఆరు వారాలు దాటాకే.

లోదుస్తుల దగ్గర మొహమాటం వల్ల డబ్బు బాగా వృథా అవుతుంది. ఎనిమిదో నెలలో కొనేటప్పుడు బ్రా పట్టీ చివరి హుక్కు మీద, అంటే అన్నిటికన్నా వదులైన దాని మీద సరిపోవాలి. నిండు నెలల్లో పక్కటెముకలు విచ్చుకుని ఉంటాయి, కాన్పయ్యాక దగ్గరపడతాయి. అప్పుడు లోపలి హుక్కులకు మారొచ్చు. లోపలి హుక్కు మీద సరిపోయేది కొంటే నెల తిరిగేసరికి పట్టీ వీపు మీదికి ఎగబాకుతుంది. కప్పులో మాత్రం నాలుగు వేళ్లు పట్టేంత చోటు వదలాలి, పాలు పడ్డాక అది నిండుతుంది. అడుగున తీగ ఉన్నది వద్దు. తీగ ఒకేచోట నొక్కితే అక్కడ పాలు ఆగి గడ్డలు కట్టే ప్రమాదం ఉంది. కప్పు తెరిచే కొక్కెం ఒంటిచేత్తో తీసి పెట్టగలరో లేదో కొనేముందే చూసుకోవాలి, రెండో చేతిలో బిడ్డ ఉంటుంది కదా. ముందు రెండే కొని, నెల తర్వాత సరైన కొలతలో మూడోది కొనండి. వానాకాలం కాన్పయితే నాలుగు కావాలి, ఎందుకంటే తడి బ్రా వేసుకుంటే ఒరుసుకుపోతుంది. పాత బ్రాలు పట్టీ దగ్గర మాత్రమే బిగుతైతే వాటిని పారేయక్కర్లేదు. ఫ్యాన్సీ షాపుల్లో రెండు మూడు వరుసల హుక్కులున్న అదనపు పట్టీ ముక్క చవగ్గా దొరుకుతుంది. దాన్ని వెనక తగిలిస్తే చాలు.

పాలు కారకుండా పెట్టుకునే ప్యాడ్లు కొననక్కర్లేదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు పంచెను నాలుగంగుళాల గుండ్రాలుగా కత్తిరించి, అయిదు పొరలు పేర్చి, అంచు కుట్టేస్తే సరి. డజను ఉంటే రోజు గడుస్తుంది. అడుగున ప్లాస్టిక్ పొర పెట్టకండి, తడి లోపలే నిలిచి చర్మం పుండు పడుతుంది.

ఇక నైటీ. బాలింత అసలు యూనిఫాం ఇదే. హైదరాబాద్ కోఠి సుల్తాన్ బజార్లో, విజయవాడ బీసెంట్ రోడ్డులో ఫీడింగ్ నైటీలు గుట్టలుగా ఉంటాయి. రంగు, పువ్వులు తర్వాత చూడొచ్చు, ముందు జిప్పు చూడాలి. ఛాతీకి అటూ ఇటూ నిలువుగా రెండు జిప్పులున్నది మధ్యలో ఒక్కటే ఉన్నదానికన్నా మేలు. మధ్య జిప్పు తీస్తే ఛాతీ అంతా బయటపడుతుంది, పైగా నైటీ పక్కకు లాగి లాగి మెడ సాగిపోతుంది. జిప్పు తొమ్మిది అంగుళాలకు తగ్గకూడదు. చవక నైటీల్లో ఆరంగుళాలది వేసి సరిపెడతారు. బిడ్డ తల పట్టక, లాగిన ప్రతిసారీ జిప్పు అడుగున కుట్టు చిరుగుతుంది. కొన్న రోజే ఆ అడుగు కొసన సూదీ దారంతో అడ్డంగా నాలుగు కుట్లు గట్టిగా వేసుకుంటే నైటీ ఆయుష్షు రెట్టింపవుతుంది. తర్వాత వేలు లోపల పెట్టి జిప్పు వెంట నడపండి. గరుకుగా తగిలిందంటే లోపల గుడ్డ పట్టీ వేయలేదన్నమాట, రేపు బిడ్డ చెంపకు తగిలేదీ ఆ గరుకే.

నైటీ పొడవు సంగతి చాలామందికి తట్టదు. ఎనిమిదో నెలలో పొట్ట మీదుగా ముందు అంచు పైకి లేచి ఉంటుంది కాబట్టి పాదాల దాకా ఉన్నది సరిగ్గా కనిపిస్తుంది. కాన్పయ్యాక అదే నైటీ నేల మీద జీరాడుతుంది. అర్ధరాత్రి బిడ్డనెత్తుకుని నిద్రమత్తులో నడిచే మనిషికి ఇంతకన్నా ప్రమాదం లేదు. అంచు మడిచి నేలకు రెండంగుళాలు పైకి కుట్టించాలి. నూలు మొదటి ఉతుకులో కొంత కుదించుకుపోతుంది కాబట్టి ఉతికాకే మడవాలి. నాలుగు నైటీలుంటే చాలు, అరడజను అవసరం లేదు.

సిజేరియన్ అయినవాళ్లకు నడుము కింద ఇంకో చిక్కు. కోత పొత్తికడుపు అడుగున అడ్డంగా ఉంటుంది. లోవెయిస్ట్ లెగ్గింగ్ ఎలాస్టిక్ సరిగ్గా దాని మీదే కూర్చుంటుంది. బొడ్డు పైదాకా వచ్చే నూలు ప్యాంటీలు, ఒక సైజు పెద్దవి, ముదురు రంగువి ఆరు తీసుకోవాలి. రక్తస్రావం నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటుంది కాబట్టి ఇవి తరచూ మార్చుకోవాల్సి వస్తుంది. చీర కట్టేవాళ్లకు నాడా లంగాయే దేవుడిచ్చిన వరం, నడుము ఎంతున్నా దానికి పడుతుంది. నాడా నడిచే పట్టీ రెండంగుళాల వెడల్పు ఉండాలి, ముడి మధ్యలో కాకుండా పక్కకు వేసుకోవాలి. చీర కింద ఒంటిని బిగించి పట్టే షేప్‌వేర్ ఈ నెలల్లో వద్దు. పొట్టకు బెల్టో పాత పంచె కట్టో అన్నది కాన్పు చేసిన డాక్టరును అడిగాకే.

బాలింతకు చలి తగలకూడదని మే నెలలో కూడా స్వెట్టరు తొడిగించే ఇళ్లున్నాయి. కాన్పయిన తొలి రోజుల్లో హార్మోన్ల మార్పు వల్ల రాత్రిళ్లు చెమటలు మామూలే. పెద్దల మాట తీసేయలేకపోతే పల్చటి నూలు శాలువా ఒకటి భుజం మీద వేసుకోవడం నయం, తీసేయడమైనా తేలిక.

జాకెట్ల విషయానికొస్తే, పాలిచ్చే తల్లికి మన పాత పద్ధతి ముందు హుక్కుల జాకెట్టు కన్నా అనువైనది ఎవరూ కనిపెట్టలేదు. వీపు హుక్కులవి, పాట్ నెక్, లోపల కప్పులు కుట్టినవి ఏడాది పాటు ట్రంకు పెట్టెలో ఉండాల్సిందే. ముందు హుక్కుల వాటిని తిరగేసి పక్క కుట్టు దగ్గర లోపల ఎంత గుడ్డ వదిలారో చూడండి. ఒక్కో పొరకు అరంగుళం విప్పితే రెండు పక్కలా నాలుగు పొరలు కలిసి రెండంగుళాలు వస్తుంది. అంగుళం విప్పగలిగితే నాలుగు. చాలా జాకెట్లు ఛాతీ దగ్గర కన్నా చంక దగ్గర, చేతి దగ్గర పట్టేస్తాయి. అందుకని పక్క కుట్టుతో పాటు చేతి కుట్టు కూడా కలిపి విప్పమనాలి. అంచు పోగులు లేవకుండా దర్జీ ఓవర్‌లాక్ మెషీన్ కుట్టు వేస్తానంటే మాత్రం ఆగండి. ఆ మెషీన్‌కు ఉండే బ్లేడు అంచును కోసుకుంటూ పోతుంది, మిగిలిన గుడ్డ కాస్తా పోతుంది. పట్టు జాకెట్టు విప్పితే పాత కుట్టు తాలూకు సూది చిల్లులు, వెలవని రంగు గీత బయటపడతాయి. పక్కకు కాబట్టి కొంగు కింద దాగుతాయి, దానికి బెంగ వద్దు. మగ్గం పని పక్క కుట్టు దాకా ఉంటే మాత్రం విప్పడం కుదరదు. అక్కడ మిగిలింది రెండు దారులు. చంక కింద పలకలాంటి చిన్న ముక్క అతకడం ఒకటి, కాజాల వైపు అంగుళంన్నర అదనపు పట్టీ కుట్టి కొత్త కాజాలు వేయడం ఇంకోటి. రెండోది తర్వాత ఆనవాలు లేకుండా తీసేయొచ్చు.

కొత్తది కుట్టించాల్సి వస్తే ఆది ఇవ్వకండి. దర్జీ ఇంటికి వచ్చేలా లేకపోతే ఇంట్లోనే టేపు పెట్టి, పాలు పట్టేముందు, ఫీడింగ్ బ్రా వేసుకుని ఛాతీ, చంక చుట్టు, జబ్బ కొలిచి కాగితం మీద రాసి పంపండి. పక్కన అంగుళంన్నర గుడ్డ లోపలికి వదలమని కూడా అదే కాగితం మీద రాయండి. నోటిమాట దర్జీ షాపులో నిలవదు.

ఉన్న కుర్తీని ఫీడింగ్ కుర్తీగా మార్చడం కష్టమేం కాదు. ఛాతీ మీదుగా నిలువు కుట్లుండే ప్రిన్సెస్ కట్ అయితే ఆ కుట్టులోనే జిప్పు దూర్చేయొచ్చు, బయటికి తెలియదు. అది లేకపోతే మధ్య గీత నుంచి మూడున్నర, నాలుగంగుళాల పక్కన, భుజం కుట్టుకు ఆరంగుళాల కింద మొదలుపెట్టి తొమ్మిదంగుళాలు నిలువుగా కోసి, కనిపించని జిప్పు వేయించాలి. పైన మొదలుపెడితే అందంగా ఉంటుందేమో గానీ పాలిచ్చే నెలల్లో ఛాతీ కిందికి దిగి ఉంటుంది, జిప్పు వృథా. రేయాన్ మీద నేరుగా జిప్పు వేస్తే గుడ్డ సాగి అలలు తేలుతుంది. కోతకు ముందే లోపల కాన్వాస్ ముక్క అతికించమనాలి. వదులు ఏ-లైన్, అంబ్రెల్లా కుర్తీలకు ఈ ఖర్చు పెట్టండి. ఛాతీ దగ్గర ఇప్పటికే బిగుతుగా ఉన్నవాటికి పెట్టకండి, జిప్పు పెట్టినంత మాత్రాన కుర్తీ వదులు కాదు.

గుడ్డ ఎంపికలో ఒక్కటే సూత్రం: పాల మరక దాగాలి, రోజూ ఉతుకు తట్టుకోవాలి. లేత బూడిద, లేత నీలం సాదా గుడ్డ మీద తడి దూరం నుంచే కనిపిస్తుంది. కలంకారీ అచ్చు, చిన్న పువ్వుల నూలు మీద అది కలిసిపోతుంది. మంగళగిరి నూలు మీటర్ల లెక్కన దొరుకుతుంది, కుర్తీకి రెండున్నర మీటర్లు చాలు. కాకపోతే కొత్త చేనేతకు గంజి ఉంటుంది, రంగూ దిగుతుంది. ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి రెండుసార్లు ఉతికాకే కుట్టించాలి, ఆ తర్వాతే బిడ్డ నోటి దగ్గరికి రానివ్వాలి. పాల మరకను చల్లనీళ్లతో ముందు కడగాలి. వేడినీళ్లు పోస్తే అందులోని ప్రొటీన్ గుడ్డలో దిగబడి పసుపు మరకవుతుంది.

ఉద్యోగస్తులకు ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత ఇద్దరు పిల్లల దాకా 26 వారాల సెలవుంది. అందులో కాన్పుకు ముందు వాడుకున్నవి పోను ఆఫీసు మెట్లు ఎక్కేసరికి బిడ్డకు నాలుగైదు నెలలు. కొలత కాస్త నిలబడేదీ అప్పుడే. కాబట్టి ఆఫీసు కుర్తీలు సెలవు చివరి రెండు వారాల్లో కొనండి. మూడు పైవి, రెండు కిందివి, ఒకే రంగు కుటుంబంలో ఉంటే వారం తిరుగుతుంది. రెండున్నర మీటర్ల నూలు చున్నీ ఒకటి బ్యాగులో ఉంటే విడిగా ఫీడింగ్ కవర్ దేనికి? పాలు పిండుకోవాల్సిన వాళ్లకు ముందు బొత్తాల షర్టు కుర్తీ నయం, మెడ మీదుగా తీసే పని ఉండదు.

మధ్యరకం షాపు ధరల్లో ఉజ్జాయింపు వేసి చూద్దాం. నైటీలు నాలుగు 1,600. బ్రాలు మూడు 1,200. ప్యాంటీలు ఆరు 600. నూలు లంగాలు రెండు 500. నాలుగు జాకెట్లు విప్పించడానికి 400, మూడు కుర్తీలకు జిప్పులు వేయించడానికి 450. మొత్తం 4,750. ఊరిని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. నైటీలు, కుర్తీలు అక్కచెల్లెళ్ల దగ్గరో తోడికోడలి దగ్గరో తీసుకుంటే ఇంకో వెయ్యి తగ్గుతుంది. పసిబిడ్డకు తొలి బట్ట పాతదే తొడిగే ఆచారం ఉన్నవాళ్లం, తల్లులు ఒకరి బట్ట ఒకరు వేసుకోవడానికి ఎందుకు సిగ్గు? ఒక్క బ్రా మాత్రం వద్దు, ఒకరి ఒంటికి సాగిన ఎలాస్టిక్ ఇంకొకరికి ఆసరా ఇవ్వదు. ఆన్‌లైన్లో కొంటే "ఫ్రీ సైజు" అన్న మాటను వదిలేసి ఛాతీ కొలత అంగుళాల్లో రాశారో లేదో చూడండి. అది ఒంటి కొలతా, గుడ్డ కొలతా అన్నది కూడా. నైటీ ఛాతీ మీ కొలత కన్నా కనీసం ఆరంగుళాలు ఎక్కువుండాలి.

పాలు మాన్పించాక కొలత మళ్లీ మారుతుంది. అప్పటిదాకా పెట్టెలో ఉన్నవి తీసి, ఒకసారి తొడిగి చూసి, ఇంకా పట్టనివాటిని మళ్లీ పెట్టెలోనే పెట్టండి. విప్పించిన జాకెట్లను తిరిగి బిగించేటప్పుడు లోపలి గుడ్డ కత్తిరించవద్దని దర్జీకి ఇంకోసారి కాగితం మీద రాసివ్వాలి. రెండో కాన్పుకు మళ్లీ విప్పాల్సింది ఆ గుడ్డనే.