పాట పూర్తికాకుండా కాపాడే పెట్టె

లోకంలో పాటలు ఇప్పటికే అవసరానికి మించి ఉన్నాయి. కంప్యూటర్ వచ్చాక ప్రతివారూ సాయంత్రానికొకటి పూర్తిచేసి జనం మీదికి వదులుతున్నారు. ఈ ఉపద్రవానికి అడ్డుకట్ట వేయగల సాధనం నాకు తెలిసి ఒక్కటే: విడివిడి భాగాలను కేబుళ్లతో కలిపి ధ్వని పుట్టించే మాడ్యులర్ సింథసైజర్‌కు తగిలించిన హార్డ్‌వేర్ స్టెప్ సీక్వెన్సర్, అంటే స్వరాలను మెట్టుమెట్టుగా వరుసలో పలికించే పెట్టె. దానితో పాట తయారు కావడం లేదని వాపోయేవారు అసలు దాని ఆశయాన్నే అర్థం చేసుకోలేదు.

నిర్మాణంలోని దూరదృష్టిని గమనించండి. ఎనిమిది మెట్లు, మెట్టుకొక నాబ్. లయ నడిపే క్లాక్ సంకేతం కొట్టిన ప్రతిసారీ దీపం ఒక మెట్టు జరుగుతుంది; అక్కడి నాబ్ ఎంత వోల్టేజ్ ఇస్తే, ధ్వని పుట్టించే ఆసిలేటర్ దానికి తగ్గ స్వరం పలుకుతుంది. నిమిషానికి 120 బీట్ల వేగంలో, బీటుకు నాలుగు మెట్ల చొప్పున నడిపితే ఎనిమిదీ సరిగ్గా ఒక్క సెకనులో అయిపోతాయి. ఆ సెకను సంగీతాన్ని శ్రుతిలో పెట్టడానికి మాత్రం సాయంత్రం చాలదు. స్థాయికి, అంటే షడ్జమం నుంచి తారాషడ్జమం దాకా ఉన్న పన్నెండు అర్ధస్వరాలకు, ఒక వోల్ట్ అన్న లెక్కలో అర్ధస్వరానికి దక్కేది వోల్టులో పన్నెండో వంతు కనుక, నాబ్ పరిధి 5 వోల్టులైతే, పూర్తి చుట్టు కూడా తిరగని ఆ నాబ్‌లో 60 అర్ధస్వరాలు ఇరుక్కుని ఉంటాయి. చిటికెనవేలు తగిలితే చాలు, షడ్జమం రిషభమైపోతుంది. క్వాంటైజర్ పెట్టుకుంటే ప్రతి వోల్టేజ్ దగ్గరి స్వరానికి సర్దుకుంటుందని సలహా ఇచ్చేవారున్నారు. పాట పూర్తయ్యే ప్రమాదాన్ని పసిగట్టలేని అమాయకులు వారు.

ఈ విషయంలో పెద్దలు మనకంటే జాగ్రత్తపరులు. 1960లలో సింథసైజర్ల నిర్మాత రాబర్ట్ మోగ్ స్థాయికి ఒక వోల్ట్ అన్న పద్ధతి పెట్టగా, మరో నిర్మాత డాన్ బుక్లా వాద్యాలలో 1.2 వోల్టుల లెక్క స్థిరపడింది. ఫలితంగా మోగ్ లెక్క సీక్వెన్సర్‌తో బుక్లా లెక్క ఆసిలేటర్‌ను నడిపితే, తారాషడ్జమానికి బయలుదేరిన స్వరం కైశికి నిషాదం దగ్గరే ఆగిపోతుంది. 1978 నాటి కోర్గ్ ఎంఎస్-20 సింథసైజర్ అయితే ఈ రెండు లెక్కలనూ కాదని, ఒక్కో స్థాయి పెరగడానికి వోల్టేజ్ రెట్టింపు కావాలంటుంది.

మొదటికి రమ్మనే రీసెట్ సంకేతం, ముందుకు జరగమనే క్లాక్ ఒకేసారి అందినప్పుడు కొన్ని సీక్వెన్సర్లు ముందు మొదటి మెట్టుకు వెళ్లి, మరుక్షణమే క్లాక్‌నూ గౌరవించి రెండో మెట్టుకు దూకుతాయి. డ్రమ్ముతో ఇక జన్మలో కలవవు. దీన్ని లోపమనడం అన్యాయం. వచ్చిన రెండు ఆజ్ఞలనూ శిరసావహించడం కంటే విధేయత ఏముంటుంది?

అన్నిటికీ మించినది మతిమరుపు. పాత పద్ధతి పెట్టెలకు దాచుకునే జ్ఞాపకమే లేదు; నాబ్ ఎక్కడుంటే స్వరం అక్కడే. ఫోనుతో ఫొటో తీసుకుని, మర్నాడు అదే అమరిక తిరిగి పెట్టబోయే గడుసువారూ ఉన్నారు గానీ, ఏ కేబుల్ ఏ జాక్‌లోకి పోయిందో దాని పైన వేలాడే మరో ఏడు కేబుళ్లు భద్రంగా దాచిపెడతాయి.

ఇంత పకడ్బందీ ఏర్పాటులోనూ ఒక కంత మిగిలిపోయింది. రెండు సీక్వెన్సర్లు తీసుకుని ఒకదాన్ని 7 మెట్లకు, మరొకదాన్ని 8 మెట్లకు కుదిస్తే, అవి మళ్లీ కలిసేది 56 మెట్ల తరువాతే. అంటే పాత వేగంలోనే ఏడు సెకన్ల పాటు కొత్తదనం ఉంటుంది. ఆ మత్తులో ఎవరైనా రికార్డింగ్ బటన్ నొక్కే అవకాశం లేకపోలేదు. కనుక ఇకపై వచ్చే సింథసైజర్లలో హెడ్‌ఫోన్ జాక్ మాత్రం ఉంచి, మిగతా ఆడియో అవుట్‌పుట్‌లన్నీ తొలగించాలని తయారీదారులకు సవినయంగా మనవి చేస్తున్నాను.